ఆఖరి చోటుకి అధ్యక్షుడు

సముద్రానికి రెండు మైళ్ల ఇవతల, సరుగుడు తోపుల మధ్య, ఒక పాత మిషన్ కాంపౌండు ఉంది. ముందువైపు గుడి, పాస్టరుగారి ఇల్లు. వెనకవైపు జంతువుల దొడ్డి. దొడ్డికీ కాలవగట్టుకీ మధ్య ఒక ఇనప గేటు. మనుషులు ముందు గేటు నుంచే తిరుగుతారు కాబట్టి ఈ వెనక గేటు జంతువులదే. గేటు అవతల సర్కారు తుమ్మ పొదలు. పొదల్లో ఒక నక్క.

రోజూ పొద్దున్నే దొడ్డి మొత్తం కాలవగట్టుకి మేతకి పోయేది. సాయంత్రం ప్రార్థన గంట కొట్టగానే వరస కట్టి తిరిగొచ్చేది. వరసలో అందరికంటే ముందు టర్కీ పుంజు హిజ్కియా. మెడ కింద ఎర్రటి తోలు వేలాడేసుకుని, తోక విసనకర్రలా విప్పుకుని నడిచేవాడు. ఆయన్ని అందరూ ‘అయ్యగారు’ అనాలి. ఆయన వెనక మేకపోతు తిమోతి, ఆ వెనక కోళ్లు, బాతులు, ఎద్దు యోబు. అందరికంటే ఆఖర్న గాడిద మార్త.

మార్త ఎందుకు ఆఖర్న నడుస్తోందని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గాడిద కాబట్టి అనుకున్నారు. అసలు సంగతి వేరు. బాతుల్లో లోయి అని ఒక కుంటిది ఉంది. దాన్ని మూతితో తోసుకుంటూ తీసుకురావాలి. తర్వాత గేటు వెయ్యాలి. ఆ గేటు ఒకవైపు కుంగిపోయింది. భుజం కిందపెట్టి పైకెత్తి, నెట్టి, గడియని పళ్లతో పట్టి కిందికి లాగితే ‘ఠంగ్’ మని పడుతుంది. ఏళ్ల తరబడి ఆ చప్పుడు వింటూనే అందరూ నిద్రపోయారు. అది ఎక్కణ్ణుంచి వస్తోందని ఒక్కడైనా వెనక్కి తిరిగి చూశాడా? చూడలేదు. వెలుగుతున్నంతకాలం దీపంలో చమురు ఎవరు పోస్తున్నారో ఎవరికీ పట్టదు.

మట్టల ఆదివారం వచ్చింది. గుళ్లో మైకు పెట్టారు. దొడ్డిలోకి ప్రసంగం మొత్తం వినిపించింది. ప్రభువు నడుముకి తువ్వాలు కట్టుకుని, వంగి, శిష్యుల మురికి కాళ్లు కడిగిన సంగతి పాస్టరుగారు అరగంట చెప్పారు. చివర్లో ఒక్క నిమిషం, గొప్పవాడు కావాలనుకునేవాడు అందరికీ పనివాడు కావాలనీ, అందరి వెనకా నిలబడాలనీ అన్నారు. దొడ్డికి ఆ అరగంటా వినిపించలేదు. ఆ ఒక్క నిమిషం వినిపించింది. అందులోనూ ‘వెనక’ అన్న ముక్కే వినిపించింది.

పీఠాలు కూల్చండి అని ఒక మంచి మాట పుడితే చాలు, ఆ కూల్చే పనికి కూడా ఒక పీఠం వేసి, దానిమీద ఎవరు కూర్చోవాలా అని కొట్టుకుంటాం మనం.

సోమవారం సాయంత్రం గంట కొట్టారు. హిజ్కియా కదల్లేదు.

"బయల్దేరండి అయ్యగారూ," అంది కుంటి లోయి. "మీరు కదిలితేగానీ మేం కదలకూడదు. మీరు పెట్టిన రూలే."

"ఇవాళ్టి నుంచి నేను ముందు నడవను," అన్నాడు హిజ్కియా కళ్లు మూసుకుని. "నేను అల్పుణ్ణి. వెనక నడుస్తాను."

"అయ్యో, అల్పుడంటే నేనండి!" తిమోతి గడ్డం ఊపుతూ అడ్డొచ్చాడు. "మీరు పెద్దలు. నేను ధూళిని. ధూళి వెనకే ఉండాలి."

"నువ్వు ధూళివైతే నేను ధూళి కింద ధూళిని."

"నేను పేడనండి!"

"పేడ నాది," అన్నాడు యోబు నెమ్మదిగా. "దాన్ని ఇందులోకి లాగకండి."

"చూడు తిమోతీ, తగ్గింపులో నాతో పోటీ పడకు. నీకంటే ముందు నుంచీ తగ్గించుకుంటున్నవాణ్ణి."

"ఎప్పట్నుంచండీ?"

"నిన్నటి నుంచి."

"నేను నిన్న పొద్దున్నుంచండి!"

పొద్దు గూకింది. ఇద్దరూ ‘మీరు ముందు’, ‘మీరే ముందు’ అంటూ కాలవగట్టు మీద చెరోవైపు తిరిగి నిలబడ్డారు. కోళ్లు కునికిపాట్లు పడుతున్నాయి.

"మీ తగ్గింపు తగలెయ్య, నాకు కాళ్లు పీకుతున్నాయి," అంది లోయి. "ఆఖర్న ఉండడం అంత గొప్పయితే మా మార్తక్క ఎప్పుడో మోక్షానికి పోయుండాలి."

ఇద్దరూ ఆ మాట విననట్టు నటించారు. చివరికి మార్త వెనక నుంచి యోబుని పొడిచింది, యోబు తిమోతిని నెట్టాడు, తిమోతి వెళ్లి హిజ్కియా మీద పడ్డాడు. ఎలాగో అందరూ లోపలికొచ్చారు. గడియ పడింది. మంగళవారమూ ఇదే గొడవ.

బుధవారం మధ్యాహ్నం హిజ్కియా కంచె పక్కన ఒక్కడే దుమ్ములో పొర్లుతుంటే, తుమ్మ పొదలోంచి మెత్తగా ఒక గొంతు వినిపించింది.

"వందనాలండి అయ్యగారూ."

"నువ్వా! దూరం, దూరం!"

"దూరంగానే ఉన్నానండి, పాపిని," అంది నక్క. "ఆదివారం మైకులో ప్రసంగం విన్నాను. మనసు మారిపోయింది."

"ఏం తింటున్నావు మరి?"

"ఎండ్రకాయలండి. ఈ వారం అవి కూడా మానేశాను." నక్క తల వంచుకుంది. "ఒక్క సందేహం తీర్చండి. ఇంత పవిత్రమైన ఆఖరి చోటులో ప్రస్తుతం ఎవరున్నారండి?"

హిజ్కియా ఆలోచించాల్సొచ్చింది. "ఎవరో ఉండాలే... ఆఁ. గాడిద."

"గాడిదా!" నక్క రెండు చెవులూ వెనక్కి వాల్చింది. "క్షమించండి. నేను బయటిదాన్ని, అనకూడదు. కానీ అందరికంటే గొప్ప చోటులో గాడిదని పెట్టుకుంటే నలుగురూ ఏమంటారండి?"

ఈ నక్కకి ఆఖరి చోటు మీద అంత భక్తి ఎందుకో చెప్పాలి. కిందటేడు ఒక సాయంత్రం అది వరస వెనక నుంచి వచ్చి లోయి మీదికి దూకబోయింది. మార్త కాలు దాని పక్కటెముకల మీద పడింది. ఇప్పటికీ వాన ముసురు పడితే ఆ చోట సలుపుతుంది.

"అదే నా బాధ కూడా," అన్నాడు హిజ్కియా. "కానీ తిమోతి అడ్డు పడుతున్నాడు."

"ఆయనకి ‘ఉప ఆఖరి’ అని ఒకటి ఇచ్చెయ్యండి. పేరు ముందు ‘ఉప’ ఉన్నా ఏమీ అనుకోరు, పేరంటూ ఉంటే చాలు. ఒక సభ పెట్టండి. దండ వేయించుకోండి. మీలాంటివారు ఊరికే వెనక నడిస్తే ఎవరికి తెలుస్తుందండి, వెనక నడుస్తున్నారని? తెలిసేలా నడవాలి."

హిజ్కియా మెడ కింది తోలు ఎర్రగా పొంగింది. తన మనసులో ఉన్న మాటే ఎదుటివాడి నోటినుంచి వస్తే, అది దైవవాక్కు అనిపిస్తుంది.

"నీకు కొంచెం జ్ఞానం ఉంది," అన్నాడు.

"అంతా మీ దయండి," అంది నక్క. "సభ ఎప్పుడో చెబితే, బయట నుంచే ఒక నమస్కారం పెట్టుకుని పోతాను."

సభ గురువారం సాయంత్రం. గుళ్లో అదే సాయంత్రం పాదాలు కడిగే ఆరాధన. మనుషులంతా అక్కడే ఉంటారు. దొడ్డి మొత్తం కాలవగట్టు మీద చేరింది. ఆదివారం మిగిలిన ఈత మట్టలు అల్లి, మధ్యమధ్య కాయితం పూలు గుచ్చి హిజ్కియాకి దండ వేశారు. ఒక గోనెపట్టా శాలువాలా కప్పారు. తిమోతి రాయెక్కి అరిచాడు.

"ఆఖరి అయ్యగారికీ!"

"జై!" అన్నాయి కోళ్లు.

"తగ్గింపూ!"

"వర్ధిల్లాలి!"

"పదవులూ!"

"నశించాలి!"

‘నశించాలి’ అని అందరికంటే గట్టిగా అరిచింది ఉప ఆఖరి పదవి అందుకున్న తిమోతే.

హిజ్కియా గొంతు సవరించుకున్నాడు. "ఈ రోజు నుంచి ముందు నడవడం మన దొడ్డిలో నీచమైన పని. ఆ పని గాడిదకి అప్పగిస్తున్నాం. మార్తా, నువ్వు అందరికంటే ముందు పోవాలి. బాధపడకు. ఎవరి స్థాయి వాళ్లది."

"మొన్న ఆదివారమేగా గుళ్లో పాడారు, ప్రభువు ఎక్కి వచ్చింది గాడిదనని?" అంది లోయి. "టర్కీ కోడిని ఎక్కాడని నేనైతే వినలేదు."

"ఆ గాడిద వేరు."

"చెవులు వేరా, తోక వేరా?"

"లోయీ, ఇది సభ!"

మార్త ఒక అడుగు ముందుకేసింది. "అయ్యగారూ, నేనెక్కడ నడిచినా నడకే. నాకేం పట్టింపు లేదు. కానీ ఆ గేటు ఒకవైపు కుంగిపోయింది. ముందు భుజంతో పైకెత్తి..."

"మార్తా! ఇది పదవీ స్వీకారం. గేట్ల గురించి మాట్లాడే చోటు కాదు."

"గడియ బిగుసుకుంటుందండి, పళ్లతో పట్టి..."

"ఎంత మాట! పళ్లట!" అన్నాడు తిమోతి. "ఆఖరి అయ్యగారి ముందు పళ్ల గురించి మాట్లాడుతోంది!"

టర్కీకి పళ్లుండవని గుర్తొచ్చి కోళ్లు నవ్వు కనపడకుండా రెక్కల్లో ముక్కులు దాచుకున్నాయి. మార్త ఇంకేం అనలేదు. అనాల్సింది. గట్టిగా, ఓండ్రపెట్టి మరీ అనాల్సింది. పనిచేసేవాళ్లు ఇలా ఊరుకోబట్టే దండలు వేసుకునేవాళ్లు ఇలా తయారవుతారు.

"మరి నన్నెవరు తోస్తారండి?" అని అడిగింది లోయి. ఈసారి గొంతులో వెటకారం లేదు. "మార్తక్క తోస్తేగానీ నేను రాలేను. చీకటి పడితే ఆ పొదల్లో ఎవరుంటారో మీకూ తెలుసు."

"నీ కోసం ప్రత్యేక ప్రార్థన చేస్తాం."

"చెయ్యండి అయ్యగారూ, నేనూ చేసుకుంటున్నాను. కానీ ప్రార్థన వచ్చి తొయ్యదు కదండీ, తోసేవాళ్లని పంపిస్తుంది. ఆ పంపించినదాన్ని మీరు ముందుకి పొమ్మంటున్నారు."

హిజ్కియా దండ సర్దుకున్నాడు. గంట కొట్టారు. ఊరేగింపు కదిలింది.

ముందు మార్త. మధ్యలో అందరూ. చివర తిమోతి, అతని వెనక గోనెపట్టా ఈడ్చుకుంటూ హిజ్కియా. పది బారలు నడిచాక ఆయన వెనక్కి తిరిగి చూసి అదిరిపడ్డాడు. ఆయన వెనక ఇంకా ఒకరున్నారు. లోయి.

"ఏయ్, నా వెనకేం చేస్తున్నావు?"

"కుంటుతున్నానండి."

"త్వరగా రా! నువ్వు నా వెనకుంటే నేను ఆఖరివాణ్ణెలా అవుతాను?"

"అయితే కాసేపు ఆగండి, దాటి పోతాను. లేకపోతే ముక్కుతో కొంచెం తొయ్యండి."

"నేనా? ఈ దండతోనా?"

"దండ తీసి పక్కన పెట్టండి మరి."

హిజ్కియాకి కోపమూ, కంగారూ కలిసొచ్చాయి. అప్పటికే గేటు దాటినవాళ్లు నిలబడి చూస్తున్నారు. తిమోతి చెవి దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, నాకొక ఉపాయం తోస్తోంది. ఊరేగింపు జాబితాలోంచి లోయిని తీసేద్దాం. జాబితాలో లేనిది వెనకున్నా, వెనకున్నట్టు కాదు."

"తీసెయ్," అన్నాడు హిజ్కియా వెంటనే.

అలా ఆఖరివాడు కావడానికి ఆయన తనకంటే ఆఖర్న ఉన్నదాన్ని లేనట్టు చేసి ముందుకి నడిచాడు. గట్టు మీద, మసక వెలుతురులో, ఒంటరిగా లోయి.

గేటు దాటి ఆఖరి అయ్యగారు లోపలికి అడుగుపెట్టగానే దొడ్డి దద్దరిల్లింది. గేటు తెరిచే ఉంది. అది ఒకరు వెయ్యాల్సిన వస్తువని ఆయనకి తెలియదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ముందు నడిచినవాడు. వెనక గేటు దానంతటదే పడుతుందనుకున్నాడు. గేటుకి వీపు పెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ప్రియులారా, నేను మీ అందరి కాళ్ల కిందివాణ్ణి..."

దొడ్డి ఆ చివర, అన్నిటికంటే దూరపు పాకలో, మార్త చెవులు నిక్కించి నిలబడింది. జై కొట్టడం వినిపించింది. రెక్కల చప్పుడు వినిపించింది. ‘ఠంగ్’ వినిపించలేదు. తల తిప్పి చూసింది. బాతులన్నీ ఉన్నాయి. లోయి లేదు.

వెనక్కి తిరిగి జనంలోంచి తోసుకొచ్చింది.

"ఏయ్ గాడిదా, వరస తప్పకు!"

"నీ స్థానం ముందు! ముందు!"

"సభా మర్యాద తెలీదా?"

యోబుకి ఏమర్థమైందో ఏమో, కొమ్ములు అటూ ఇటూ ఊపాడు. "జరగండి. దారివ్వండి దానికి."

అప్పటికే గేటు దగ్గర మెత్తటి గొంతు పలికింది.

"వందనాలండి, ఆఖరి అయ్యగారూ."

హిజ్కియా వెనక్కి తిరిగాడు. "నువ్వు... మనసు మారిందన్నావుగా?"

"మారిందండి. ఇదివరకు ఎవరు దొరికితే వాళ్లని పట్టేదాన్ని. ఇప్పుడు పద్ధతిగా ఆఖరివాళ్లనే పడుతున్నాను. ఏడాది నుంచి చూస్తున్నాను, ఆఖర్న గాడిద ఉండేది. దేవుడి దయవల్ల ఇవాళ మీరున్నారు."

"నేను ఆఖరివాణ్ణి కాదు!" అని కీచుమన్నాడు హిజ్కియా. "ఆఖర్న బాతుంది! కుంటిది! బయటుంది, వెళ్లి చూడు!"

"జాబితాలో లేదటగా," అంది నక్క. దూకింది.

తిమోతి ఒక్క గంతులో గడ్డివామి ఎక్కాడు. "ఉప ఆఖరికి రాజీనామా! ఇప్పుడే రాజీనామా!"

నక్క దండతో సహా తోక పట్టుకుని గేటువైపు లాగుతోంది. హిజ్కియా రెక్కలు కొట్టుకుంటున్నాడు. ఎక్కడున్నా ఫరవాలేదు, ముందైనా వెనకైనా మధ్యలోనైనా, బతికుంటే చాలనిపించింది ఆయనకి. సరిగ్గా అప్పుడు మార్త వచ్చింది. వెనక్కి తిరిగింది. రెండు వెనక కాళ్లూ లేచాయి.

పాత చోటే. అవే పక్కటెముకలు.

నక్క గేటు బయట బోదెకాలవలో పడింది. నోట్లో ఈత మట్టల దండా, హిజ్కియా తోక ఈకలూ మిగిలాయి. అయ్యగారు మాత్రం నేలమీదే మిగిలారు. మూలుగుతూ, కుంటుతూ, ఈకలు ఉమ్ముతూ పొదల్లో పడింది.

"గేటు వెయ్యి! గేటు!" అని అరిచాడు హిజ్కియా నేలమీద నుంచి.

"లోయి బయటుంది," అంది మార్త.

"అది జాబితాలో లేదు!"

మార్త అప్పటికే గట్టెక్కింది. యోబు వచ్చి గేటు మధ్యలో అడ్డంగా, తన ఒళ్లే తలుపైనట్టు నిలబడ్డాడు. "అది వచ్చేదాకా ఇక్కడే ఉంటా," అన్నాడు. "ఎవరికైనా తొందరుంటే నా మీద నుంచి దూకండి."

కాలవ అంచున తుంగలో ముక్కు మాత్రం బయట పెట్టి దాక్కుంది లోయి. మార్త మూతి తగలగానే గట్టిగా ఊపిరి వదిలింది.

"నన్ను జాబితాలోంచి తీసేశారక్కా. నక్క నా పక్కనుంచే పోయింది. అదీ తీసేసినట్టుంది."

"నడువు."

"కొంచెం ఆగవే, కాళ్లు రావట్లేదు."

"నేనున్నాగా," అంది మార్త. తోసింది.

ఇద్దరూ లోపలికొచ్చారు. మార్త గేటు కింద భుజం పెట్టింది. ఎత్తింది. నెట్టింది. పళ్లతో గడియ పట్టి లాగింది. ‘ఠంగ్’. అప్పుడే గుళ్లో మైకులోంచి పళ్లెంలోకి నీళ్లు ఒంపుతున్న చప్పుడు వచ్చింది. మొట్టమొదటిసారి ఆ గడియ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో అందరూ కళ్లతో చూశారు.

ఇంతటితో బుద్ధి వచ్చిందనుకున్నారా? మర్నాడు పొద్దున్నే తిమోతి మళ్లీ రాయెక్కాడు.

"మార్తమ్మగారికీ!"

"జై!"

కొత్త దండ తెచ్చారు. ఆఖరి చోటుకి శాశ్వత అధ్యక్షురాలిగా మార్తమ్మగారిని ప్రతిపాదిస్తున్నామన్నారు. మార్త దండని వాసన చూసింది. తినేసింది.

"మట్టలు ఎండిపోయాయి," అంది. "జరగండి, మేతకి వేళైంది."

యోబు మాత్రం జై కొట్టలేదు. సాయంత్రం గేటు దగ్గర ఆగిపోయాడు. "మార్తక్కా, భుజం ఎక్కడ పెట్టాలో నాకు చూపించవూ? నీకు ఒంట్లో బాగోని రోజున నేను వేస్తా." ఇన్నేళ్లలో మార్త చోటు అడిగినవాళ్లు ఇద్దరు. ఆమె పని అడిగినవాడు ఇతనొక్కడే.

"ఇక్కడ," అంది జరిగి.

కాస్త దూరంలో తోక లేని హిజ్కియా నిలబడి చూస్తున్నాడు. యోబంతటివాడి మెడ నరాలు ఉబ్బాయి. "ఇంత బరువా అది?" అన్నాడు హిజ్కియా, ఎవరితోనూ కానట్టు.

"గేటు మీవల్ల కాదులెండి," అంది గట్టు మీద నుంచి వస్తూ లోయి. "నన్ను తొయ్యండి. అది మీవల్ల అవుతుంది."

హిజ్కియా అటూ ఇటూ చూశాడు. తిమోతి లోపలున్నాడు. కోళ్లు గూళ్లలో సర్దుకుంటున్నాయి. యోబూ మార్తా గేటు గొడవలో ఉన్నారు. చూసేవాళ్లు ఒక్కరూ లేరు. చాలాసేపు తటపటాయించాడు. తర్వాత మెడ వంచి ముక్కుతో ఒక్క తోపు తోశాడు. లోయి బురదలో బోర్లా పడింది.

"చంపేశారు," అని లేచి ముక్కు దులుపుకుంది లోయి. "మొదటిరోజుకి చాలు. రేపు ఇంకొంచెం మెల్లిగా తొయ్యండి."

పొదల్లో పక్కటెముకలు నాకుకుంటున్న నక్క ఆ మాటలన్నీ విన్నది. ఆ తర్వాత గడియ పడ్డం కూడా విన్నది.

నీతి: వెనక నిలబడినంత మాత్రాన ఎవరూ గొప్పవారు కారు, అక్కడ ఎత్తాల్సిన బరువుకి భుజం పట్టినవారే గొప్పవారు.